జంషెడ్‌పూర్‌లో వలస తెలుగువారికి ఆహార, నివాస, న్యాయ సహాయం

ఝార్ఖండ్‌లోని తూర్పు సింగ్‌భూమ్ జిల్లాకు కేంద్రమైన జంషెడ్‌పూర్‌లో ఉక్కు కర్మాగారపు తొలినాళ్ల నుంచి స్థిరపడిన తెలుగు కుటుంబాలూ, నేటికీ కాంట్రాక్టు పనుల మీద వచ్చిపోయే తెలుగు కార్మికులూ తిండికీ, నీడకూ, చట్టపరమైన చిక్కులకూ ఆశ్రయించగల ప్రభుత్వ పథకాలను, న్యాయ సేవా సంస్థలను, భాషా సంఘాలను, ఇరుగుపొరుగు ఏర్పాట్లను ఈ వ్యాసం వివరిస్తుంది. భారత పౌరుడు ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి వెళ్లడానికి వీసా అక్కరలేదు. దేశంలో ఎక్కడైనా సంచరించే, నివసించే, స్థిరపడే స్వేచ్ఛను రాజ్యాంగంలోని 19వ అధికరణం అతనికి ఇచ్చింది. అయినా రేషన్ కార్డు, స్థానికత ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, ఇంటిపట్టా ఒక్కొక్కటీ మనిషిని ఏదో ఒక రాష్ట్రానికో, జిల్లాకో, చివరకు ఒక నేలముక్కకో ముడివేస్తాయి గనుక, పరదేశానికి వలస వెళ్లినవారికి ఎదురయ్యే చిక్కులు కొన్ని స్వదేశంలో వలస వెళ్లినవారికీ తప్పవు. జంషెడ్‌పూర్‌లో సహాయం కరవు కాదు. ఆ సహాయం దగ్గరికి చేర్చే కాగితమే కరవు. తెలుగు సమాజం తనవారికి చేయగల మేలులో అన్నం పెట్టడం కన్నా ఆ కాగితం సంపాదించిపెట్టడమే పెద్దదని ఈ నగర చరిత్ర చెబుతుంది.

వలస, కంపెనీ పట్టణం

టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ 1907లో ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమానికి దగ్గరలోని సాక్చీ గ్రామ ప్రాంతంలో కర్మాగారం లేచి, 1912లో ఉక్కు తయారీ మొదలైంది. 1919 జనవరిలో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టగా, కాలీమాటీ రైల్వేస్టేషన్ టాటానగర్ అయింది. బెంగాల్ నాగపూర్ రైల్వే ఒక వంక ఈ ఊరిని నాగపూర్ మార్గంతోనూ, మరొక వంక ఖరగ్‌పూర్ మీదుగా తూర్పు తీరంతోనూ కలిపింది. అందువల్ల గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి, అంటే నేటి బరంపురం, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి కూలీలు, మేస్త్రీలు, గుమాస్తాలు, పారిశుద్ధ్య కార్మికులు ఇటు రావడం సులభమైంది. కరవుకాలంలో రంగూన్ ఓడ ఎక్కే అలవాటున్న ఆ జిల్లాల వారికి రైలెక్కి ఉక్కు పట్టణానికి రావడం దగ్గరి దారి. ఛత్తీస్‌గఢ్, ఒడిశా, బెంగాల్, పంజాబ్, బిహార్ ప్రాంతాల నుంచీ జనం రావడంతో, తరతరాలుగా సంతాల్, హో, భూమిజ్ ఆదివాసులు నివసిస్తున్న నేలపై పలు భాషల నగరం వెలిసింది. బిష్టుపూర్, కద్మా, సోనారీ, గోల్మురీ, టెల్కో ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు గుంపుగా కుదురుకున్నాయి.

కంపెనీ తన కార్మికులకు సౌకర్యాలను దేశంలో చాలా చోట్ల కన్నా ముందుగానే కల్పించింది. ఎనిమిది గంటల పనిదినం 1912లో, ఉచిత వైద్యం 1915లో, భవిష్యనిధి 1920లో, ప్రసూతి ప్రయోజనం 1928లో వచ్చాయి. వీటిలో కొన్ని యజమానుల ముందుచూపు వల్ల వచ్చినా, వాటిని నిలబెట్టి విస్తరింపజేసిన ఘనతలో 1920, 1922, 1928 సమ్మెలకూ భాగముంది. 1920లో పుట్టిన లేబర్ అసోసియేషన్‌కు 1928లో సుభాష్ చంద్రబోస్ అధ్యక్షుడయ్యాడు. అయితే ఈ సౌకర్యాలన్నీ కంపెనీ హాజరుపట్టీలో పేరున్న శాశ్వత కార్మికుడికే దక్కేవి. గుత్తేదారు కింద మట్టి మోసిన కూలీకీ, స్థానికంగా రేజా అని పిలిచే మహిళా కూలీకీ అవి అందలేదు. ఒకే ఊరి నుంచి ఒకే రైల్లో దిగిన ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకరు కంపెనీ క్వార్టర్‌కూ మరొకరు బస్తీకీ చేరడానికి హాజరుపట్టీలోని ఆ ఒక్క పేరే కారణమయ్యేది. ఆహారం, ఇల్లు, న్యాయం విషయంలో జంషెడ్‌పూర్ తెలుగువారిలో నేటికీ కనిపించే అంతరాలకు మూలం ఈ విభజనలోనే ఉంది.

భాషా సంఘాలు, దేవాలయాలు

బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కద్మాలోని ఆంధ్ర అసోసియేషన్, దాని పేరుతో నడిచే పాఠశాల నగరంలో తెలుగువారి ఉమ్మడి జీవితానికి ప్రధాన ఆధారాలు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, శ్రీరామనవమి, ఉగాది వేడుకలకు ఈ వేదికల దగ్గర జనం చేరతారు. పెళ్లి సంబంధాలు కుదురుతాయి. కొత్తగా వచ్చినవారికి అద్దె ఇల్లు ఎక్కడ దొరుకుతుందో, ఏ గుత్తేదారు కూలి డబ్బు సరిగా ఇస్తాడో తెలిసేది కూడా ఇలాంటి చోట్లనే. పండుగ దినాల్లో దేవాలయాల్లో జరిగే అన్నదానం ఆకలి తీర్చే ఏర్పాటే గాని నిత్యం ఆధారపడదగినది కాదు. నగరంలోని గురుద్వారాల్లో కుల, మత, భాషా భేదం లేకుండా పెట్టే లంగర్ ఈ విషయంలో మరింత నిలకడైన సంప్రదాయం.

ఇలాంటి సంఘాలు ఎక్కడైనా ఉత్సవ నిర్వహణలో చూపే దక్షతను అర్జీలు రాసిపెట్టడంలో, ధ్రువపత్రాల కోసం కార్యాలయాలకు తోడు వెళ్లడంలో చూపడం తక్కువ. ఇది డబ్బులేమి వల్ల కాదు; సంఘ సభ్యుల్లో ఎక్కువమంది క్వార్టర్ తరగతి వారు కావడం, సహాయం అవసరమైనవారు బస్తీ తరగతి వారు కావడం దీనికి కారణమని భావించవచ్చు. వారానికి ఒక పూట హిందీ బాగా చదవగల ఇద్దరు యువకులు బల్ల వేసుకుని కూర్చుంటే చాలా కుటుంబాల పని నడుస్తుంది. రాష్ట్రంలో ప్రజ్ఞా కేంద్రం పేరుతో నడిచే సేవా కేంద్రాలు రుసుము తీసుకుని దరఖాస్తును కంప్యూటర్‌లో ఎక్కిస్తాయి. ఏ దరఖాస్తు పెట్టాలో, ఏది జతచేయాలో, తిరస్కరిస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పడం వాటి పని కాదు.

ఆహారం

2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ఝార్ఖండ్‌లో 2015 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చింది. దీని కింద ప్రాధాన్య కుటుంబాలకు మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం, అత్యంత పేదలైన అంత్యోదయ కుటుంబాలకు కుటుంబానికి 35 కిలోల ధాన్యం హక్కుగా లభిస్తాయి. చట్టం మొదట నిర్ణయించిన ధర బియ్యానికి కిలోకు 3 రూపాయలు, గోధుమలకు 2 రూపాయలు. 2023 జనవరి నుంచి ఉచితంగా ఇస్తున్నారు. ఝార్ఖండ్‌లో ప్రాధాన్య కుటుంబాల కార్డు గులాబీ రంగులో, అంత్యోదయ కార్డు పసుపు రంగులో ఉంటాయి. కేంద్ర చట్టం పరిమితిలో చోటు దొరకని పేదల కోసం రాష్ట్ర ప్రభుత్వం సొంత ఖర్చుతో తెచ్చిన పథకానికి ఆకుపచ్చ కార్డు ఉంది. ఆరంభంలో దానిపై మనిషికి 5 కిలోల ధాన్యం కిలో రూపాయికి ఇచ్చేవారు. నగరంలో పేదల మాటల్లో కార్డు అసలు పేరు కన్నా రంగే ఎక్కువగా వినిపిస్తుంది.

కొత్తగా వచ్చిన తెలుగు కార్మికుడికి అన్నిటికన్నా ఉపయోగపడే ఏర్పాటు ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’. 2019 ఆగస్టులో మొదటగా కలిపిన రాష్ట్రాల జంటల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. 2020 జనవరి 1న పన్నెండు రాష్ట్రాలకు దాన్ని విస్తరించినప్పుడు ఆ జాబితాలో ఈ రెండూ, ఝార్ఖండూ చేరాయి. దీని ప్రకారం శ్రీకాకుళం జిల్లాలో కార్డున్న కార్మికుడు జంషెడ్‌పూర్‌లోని ఏ చౌక ధరల దుకాణానికైనా వెళ్లి, కార్డు సంఖ్యనో ఆధార్ సంఖ్యనో చెప్పి, ఈ-పాస్ యంత్రంపై వేలిముద్ర వేసి తన వాటా ధాన్యం తీసుకోవచ్చు. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు మిగిలిన వాటాను అక్కడి దుకాణంలో తీసుకోవచ్చు. కార్డును మార్చుకోనక్కరలేదు, దుకాణదారుడి అనుమతీ అక్కరలేదు. అయితే కేంద్ర చట్టం కింద ఉన్న కార్డులకే ఈ వెసులుబాటు వర్తిస్తుంది. రాష్ట్రాలు తమ ఖర్చుతో ఇచ్చే కార్డులకూ, అదనపు ధాన్యానికీ వర్తించదు. తెలంగాణ తన ప్రజలకు ఇచ్చే ఆరో కిలో బియ్యం ఝార్ఖండ్‌లో దొరకదు. తమ కార్డు కేంద్ర జాబితాలో ఉందో రాష్ట్ర జాబితాలో ఉందో చాలా కుటుంబాలకు తెలియదు గనుక, దుకాణం దగ్గర యంత్రం కార్డును తిరస్కరించినప్పుడు తప్పు దుకాణదారుడిదని భావించి వెనుదిరుగుతారు. బయలుదేరేముందే సొంత ఊరి డీలరును గాని, గ్రామ సచివాలయ సిబ్బందిని గాని ఈ ఒక్క విషయం అడిగి తెలుసుకుంటే ఆ ఇబ్బంది తప్పుతుంది.

వేలిముద్ర దగ్గర వచ్చే చిక్కు మరొకటి. ఇటుకబట్టీల్లో, సిమెంటు పనుల్లో, కొలిమి వేడిమిలో ఏళ్ల తరబడి పనిచేసినవారి వేళ్లపై గీతలు అరిగిపోతాయి. వృద్ధుల వేళ్లను యంత్రం పలుమార్లు గుర్తించదు. బొటనవేలు పడకపోతే చూపుడువేలు, అదీ పడకపోతే తడిగుడ్డతో తుడిచి మరొక వేలు పెట్టించడం దుకాణాల్లో నిత్యం కనిపించే దృశ్యం. ఆధార్‌కు అనుసంధానమైన ఫోన్‌కు వచ్చే సంకేత సంఖ్య ప్రత్యామ్నాయంగా పనికివస్తుంది గాని, నంబరు మార్చినవారికి అదీ అందదు. ఆధార్ అనుసంధానం లేదని రేషన్ నిలిపివేయడం ఎంత దూరం పోగలదో ఝార్ఖండ్‌కు బాగా తెలుసు: 2017 సెప్టెంబరులో సిమ్డేగా జిల్లాలో, కుటుంబ కార్డు రద్దయి నెలల తరబడి బియ్యం అందని ఇంట్లో పదకొండేళ్ల బాలిక మరణించినప్పుడు దేశమంతా ఆ విషయంపై చర్చ సాగింది. ధాన్యం నిరాకరించినప్పుడు ఫిర్యాదు చేయడానికి చట్టంలోని 15వ సెక్షన్ జిల్లా స్థాయిలో ఫిర్యాదుల పరిష్కార అధికారిని, 16వ సెక్షన్ రాష్ట్ర ఆహార కమిషన్‌ను ఏర్పరిచాయి; హక్కుగా రావలసిన ధాన్యం ఇవ్వకపోతే 8వ సెక్షన్ కింద నగదు భత్యం చెల్లించాలి. ఈ సెక్షన్ల సంగతి తెలిసినవారు తక్కువ. రాతపూర్వకంగా ఫిర్యాదు చేసేవారు ఇంకా తక్కువ.

శాశ్వతంగా స్థిరపడదలచినవారు ఝార్ఖండ్ కార్డుకు దరఖాస్తు చేయాలంటే సొంత రాష్ట్రపు కార్డు నుంచి పేరు తొలగించుకోవాలి. ఒకే మనిషి పేరు రెండు కార్డులలో ఉండకూడదు. తొలగింపుకూ కొత్త నమోదుకూ మధ్య కాలంలో రెండు చోట్లా ధాన్యం ఆగిపోయే ప్రమాదం ఉంది గనుక, ఖాళీలు లేక దరఖాస్తులు నిలిచిపోయే సమయంలో కుటుంబమంతా ఒకేసారి పేర్లు తీయించుకోవడం తెలివైన పని కాదు. రేషన్ కార్డుకు ధాన్యాన్ని మించిన విలువ కూడా ఉంది: 2024 ఆగస్టులో మొదలై, అదే ఏడాది డిసెంబరు నుంచి నెలకు 2,500 రూపాయలకు పెరిగిన మయ్యా సమ్మాన్ పథకం వంటి రాష్ట్ర సహాయాలకు మహిళలు చూపవలసిన ఆధారాల్లో అదొకటి.

కార్డేదీ లేనివారికి వెంటనే దొరికేది ముఖ్యమంత్రి దాల్ భాత్ పథకం. 2011 ఆగస్టు 15న ఝార్ఖండ్‌లో మొదలైన ఈ కేంద్రాల్లో 5 రూపాయలకు అన్నం, పప్పు, సోయాబీన్‌తోనో శనగలతోనో వండిన కూర పెడతారు. వంట, వడ్డన మహిళా స్వయం సహాయక బృందాల చేతిలో ఉంటాయి. ఆస్పత్రులు, బస్టాండ్లు, కోర్టులు వంటి రద్దీ చోట్ల ఇవి నడుస్తాయి. ఇక్కడ ఎవరూ గుర్తింపుపత్రం అడగరు. పళ్లెం ఎత్తుకున్నవాడు ఏ రాష్ట్రంవాడన్న ప్రశ్నే రాదు. హైదరాబాద్‌లో నగరపాలక సంస్థ 2014లో ప్రారంభించిన 5 రూపాయల భోజనం, ఆంధ్రప్రదేశ్‌లో 2018లో వచ్చిన అన్న క్యాంటీన్లు తెలిసినవారికి ఈ ఏర్పాటు కొత్త కాదు. ఝార్ఖండ్ వాటన్నిటికన్నా ముందే దీన్ని ప్రారంభించింది.

నివాసం

జంషెడ్‌పూర్‌లో ఇంటి సమస్య అర్థం కావాలంటే నేల సంగతి ముందు తెలియాలి. 1911-12లో జూలియన్ కెనెడీ సంస్థ గీసిన తొలి పటం మొదలు 1940లలో ఒట్టో కోనిగ్స్‌బర్గర్ తయారుచేసిన ప్రణాళిక వరకు ఈ నగరానికి పలు పట్టణ ప్రణాళికలు వచ్చాయి; ప్రతిదీ అంచనా వేసిన జనాభాను వాస్తవం దాటిపోయింది. క్వార్టర్ దొరకని కార్మికులు, గుత్తేదారు కూలీలు, చిల్లర వ్యాపారులు కంపెనీ భూముల అంచుల్లో, నదీతీరాల్లో, ఆదివాసీ గ్రామాల పక్కన గుడిసెలు వేసుకోగా, అవే కాలక్రమంలో ఇటుక గోడల బస్తీలయ్యాయి. ఈ ప్రాంతం అప్పట్లో బిహార్‌లో ఉండేది గనుక, బిహార్ భూసంస్కరణల చట్టానికి 1972లో తెచ్చిన సవరణతో కంపెనీ భూములు ప్రభుత్వపరమై, తిరిగి కంపెనీకే లీజుకు దక్కాయి. 1985లో కుదిరిన లీజు 1956 నుంచి లెక్కలోకి వచ్చింది. 2005 ఆగస్టులో దాన్ని 1996 నుంచి 30 సంవత్సరాలకు పునరుద్ధరించారు. ఆ పునరుద్ధరణ సందర్భంలో 86 బస్తీల భూమిని లీజు పరిధి నుంచి వేరుచేశారు. అప్పటి నుంచి ‘ఛియాసీ బస్తీ’ అనే మాట, అంటే ఎనభై ఆరు బస్తీలు, నగర రాజకీయాల్లో ‘మాలికానా హక్’ అనే యాజమాన్య హక్కు డిమాండుకు మారుపేరైంది.

ఈ బస్తీల్లో రెండు మూడు తరాలుగా ఉన్నవారి దగ్గర కరెంటు బిల్లు, ఓటరు కార్డు, ఆధార్ ఉంటాయి గాని నేల తమదని చెప్పే కాగితం ఉండదు. 1985కు ముందు నుంచి ప్రభుత్వ భూమిలో ఇల్లు కట్టుకుని ఉంటున్నవారికి పది డెసిమల్‌ల మేరకు, అంటే పది సెంట్ల మేరకు లీజు ఇచ్చే విధానాన్ని 2018లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఎకరంలో నూరో వంతైన డెసిమల్, తెలుగు నాట సెంటు ఒకటే కొలత. బస్తీవాసుల్లో చాలామంది దీన్ని ఆదరించలేదు. యాజమాన్యం కోరినవారికి లీజు ఇవ్వజూపడం ఒక కారణమైతే, లీజుకు దరఖాస్తు పెట్టడమంటే నేల తమది కాదని రాసిచ్చినట్టవుతుందన్న భయం మరొకటి. ఆ భయం అర్థరహితమైనది కాదు. అయినా పాత కాగితాలను పోగుచేసి ఉంచుకోవడం ఏ విధానం వచ్చినా పనికివచ్చే పని: 1985కు ముందు నాటి పాఠశాల రిజిస్టరు నకలు, ఓటర్ల జాబితా పుట, కంపెనీ గేటుపాసు, ఆస్పత్రి చీటీ కూడా సాక్ష్యమే.

బస్తీలో ఇల్లు కొనేటప్పుడు సాదా కాగితంపైనో, తక్కువ విలువ స్టాంపు కాగితంపైనో రాసుకునే ఒప్పందం యాజమాన్యాన్ని బదిలీ చేయదు. 1908 నాటి ఛోటానాగపూర్ కౌలుదారీ చట్టంలోని 46వ సెక్షన్ ఆదివాసుల భూమిని ఆదివాసేతరులకు అమ్మడాన్ని నిషేధిస్తుంది. ఇందులో ఆదివాసుల తప్పేమీ లేదు. తమ నేలను కాపాడుకోవడానికి బిర్సా ముండా ఉద్యమం తర్వాత వచ్చిన రక్షణ అది. నగరం అంచున చౌకగా దొరికిందని ఖతియాన్ చూడకుండా కొన్న వలస కుటుంబం డబ్బునూ ఇంటినీ రెండింటినీ కోల్పోగలదు. ఖతియాన్ అంటే భూసర్వేలో తయారైన హక్కుల రికార్డు. అంచల్ కార్యాలయంలో, అంటే తెలుగు రాష్ట్రాల తహసీల్దారు కార్యాలయం వంటి చోట, దాన్ని సరిచూసుకోవచ్చు.

ఖాళీ చేయమని నోటీసు వచ్చినప్పుడు ఆ నేల ఎవరిదన్నదాన్ని బట్టి చట్టం మారుతుంది. రాష్ట్ర ప్రభుత్వ భూమికి 1956 నాటి ప్రభుత్వ భూమి ఆక్రమణల చట్టం, రైల్వే భూమికి 1971 నాటి కేంద్ర చట్టం, అద్దె ఇంటికి ఝార్ఖండ్ 2011 అద్దె నియంత్రణ చట్టం వర్తిస్తాయి. ఏ చట్టంలోనైనా సమాధానం చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. బొంబాయి కాలిబాటవాసుల విషయంలో 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు, ఆక్రమణను తొలగించే అధికారం ప్రభుత్వానికి ఉన్నా, జీవనోపాధి జీవించే హక్కులో భాగమని, ముందుగా నోటీసు ఇచ్చి వినడం న్యాయమైన పద్ధతి అని చెప్పింది. నోటీసు చేతికి అందిన తేదీని వెనుకవైపు రాసుకుని, గడువులోగా రాతపూర్వక సమాధానం ఇచ్చి, దానికి రసీదు తీసుకోవడం ఈ దశలో అన్నిటికన్నా ముఖ్యమైన పని.

ఏ గూడూ లేనివారికి జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కింద ఏర్పాటైన ఆశ్రయ గృహాలు ఉన్నాయి. లక్ష జనాభాకు ఒక గృహం ఉండాలన్నది ఆ మిషన్ ప్రమాణం. పనికోసం దిగిన మొదటి రాత్రులకు ఇవి అక్కరకు వస్తాయి గాని, తెలుగు కార్మికులు ఎక్కువగా మేస్త్రీ చూపిన గదిలో పదిమంది కలిసి ఉండటానికే మొగ్గుతారు. భాష, వంట ఒకటైనచోట ఉండాలన్నది సహజమే.

స్థానికత, కులం

వలస కుటుంబం రెండో తరంలో ఎదుర్కొనే చిక్కు స్థానికత. ఝార్ఖండ్ 2000 నవంబరు 15న ఏర్పడినప్పటి నుంచీ ఎవరు స్థానికులన్న ప్రశ్న నలుగుతూనే ఉంది. 2002లో తెచ్చిన విధానంపై హింస చెలరేగి, హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2016 ఏప్రిల్‌లో వచ్చిన విధానం 1985ను ప్రమాణంగా తీసుకుని, ముప్పై ఏళ్లుగా నివసిస్తూ స్థిరాస్తి సంపాదించినవారిని, రాష్ట్రంలో పుట్టి చదువు పూర్తిచేసినవారిని స్థానికులుగా గుర్తించింది. 1932 ఖతియాన్ ఆధారంగా స్థానికతను నిర్ణయించే బిల్లును 2022 నవంబరులో శాసనసభ ఆమోదించగా గవర్నరు తిప్పిపంపారు. తమ నేలపై తామే మైనారిటీ అవుతామన్న ఆదివాసుల ఆందోళనకు ఈ డిమాండు రూపమిచ్చింది. అదే సమయంలో, జంషెడ్‌పూర్‌లో మూడో తరం తెలుగు బిడ్డకు ఖతియాన్‌లో తాత పేరు దొరకదన్నదీ నిజం.

కుల ధ్రువపత్రం మరింత క్లిష్టమైనది. రాష్ట్రపతి 1950 ఆగస్టు 10న జారీచేసిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు కులాలను రాష్ట్రం వారీగా గుర్తించింది. ఒక రాష్ట్రపు గుర్తింపు వలసతోపాటు మరొక రాష్ట్రానికి రాదని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో తేల్చింది. తెనాలిలో పుట్టి, ఉద్యోగరీత్యా మహారాష్ట్రకు వెళ్లిన తండ్రి వెంట పెరిగిన విద్యార్థి, ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ తెగగా గుర్తింపు పొందిన తన సముదాయం పేరిట బొంబాయి వైద్య కళాశాలలో సీటు కోరిన సందర్భం అది. ఈ సూత్రాన్ని 1994లోనూ, 2018లో బీర్ సింగ్ కేసులోనూ కోర్టు స్థిరపరిచింది.

ఝార్ఖండ్ షెడ్యూల్డ్ కులాల జాబితాలో మాల, మాదిగ, రెల్లి పేర్లు లేవు. ఫలితంగా, నగరాన్ని శుభ్రంగా ఉంచిన చేతుల సంతానానికి ఆ నగరంలోనే రిజర్వేషన్ లేదు. 1950 తర్వాత వలస వచ్చినవారికి ఒక దారి ఉంది: తండ్రికి సొంత రాష్ట్రంలో ఇచ్చిన ధ్రువపత్రం ఆధారంగా, పిల్లలు నివసించే రాష్ట్రపు అధికారి ధ్రువపత్రం ఇవ్వవచ్చని కేంద్రం 1985 ఫిబ్రవరిలో ఉత్తర్వు ఇచ్చింది. అది సొంత రాష్ట్రపు, కేంద్రపు అవకాశాలకు పనికివస్తుంది; ఝార్ఖండ్ రాష్ట్ర ఉద్యోగాలకు పనికిరాదు. అంతకన్నా కష్టం, 1950 ఉత్తర్వు నాటికే బిహార్‌లో స్థిర నివాసం ఏర్పరచుకున్న కుటుంబాలది. ఉత్తర్వు తేదీన ఉన్న స్థిర నివాసమే కొలమానం గనుక, ముందు వచ్చినవారు రెండు జాబితాలకూ బయటివారవుతారు. తాత ఊళ్లో భూమి గాని, ఓటు గాని 1950 నాటికి ఉన్నట్టు చూపే కాగితం దొరికితే ఆ కుటుంబం దారి తెరుచుకుంటుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని బంధువులతో మాటామంతీ నిలుపుకున్న కుటుంబాలు ఇలాంటి కాగితాన్ని రాబట్టగలవు. రాకపోకలు తెగిపోయినవారి పక్షాన సంఘాలే ఉత్తరాలు రాయగలవు.

పనిచోటు, ప్రయాణం

ఒడిశాలో దాదన్ పేరుతో సాగిన కూలీల తరలింపు దోపిడీ నేపథ్యంలో వచ్చిన 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, గుత్తేదారు వలస కార్మికుడికి స్థానభ్రంశ భత్యం, ప్రయాణ ఖర్చు, వసతి, వైద్యం కల్పించాలని చెప్పింది. అమలు ఎప్పుడూ అంతంతమాత్రమే. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తిభద్రతా స్మృతి దాని స్థానాన్ని తీసుకుని, గుత్తేదారు తేకుండా తనంతట తాను వచ్చి పనిలో చేరినవారినీ వలస కార్మికులుగా గుర్తించింది.

2020 లాక్‌డౌన్‌లో ఈ చట్టాల డొల్లతనం బయటపడింది. ఆ ఏడాది మే 1న దేశంలో మొదటి శ్రామిక్ ప్రత్యేక రైలు సుమారు 1,200 మంది ఝార్ఖండ్ కార్మికులతో హైదరాబాద్ శివారు లింగంపల్లి నుంచి రాంచీ దగ్గరి హటియాకు బయలుదేరింది. తెలుగు నేలకు ఝార్ఖండ్ పంపిన కార్మికులు, ఝార్ఖండ్‌కు తెలుగు నేల పంపిన కార్మికులు ఒకే రకమైన కాగితాల మధ్య చిక్కుకున్నారు. 2021 జూన్ 29న సుప్రీంకోర్టు వలస కార్మికులకు పొడి రేషన్, సామూహిక వంటశాలలు, అసంఘటిత కార్మికుల నమోదు గడువులోగా ఏర్పరచాలని ఆదేశించగా, ఆగస్టులో ఈ-శ్రమ్ నమోదు మొదలైంది.

ఇక్కడి నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లే యువకులకు 1983 వలస చట్టం వర్తిస్తుంది. పదో తరగతి పాసు కానివారు నిర్దేశిత దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే వలసదారుల సంరక్షకుడి అనుమతి తీసుకోవాలి; నమోదైన ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై పన్ను మించి వసూలు చేయకూడదు; 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. సందర్శక వీసాపై పంపిస్తానన్న ఏజెంటు ఈ మూడు రక్షణలనూ ఒకేసారి తీసివేస్తున్నాడని అర్థం.

న్యాయ సేవలు

1987 న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. రాంచీలో రాష్ట్ర సంస్థ, జంషెడ్‌పూర్ సివిల్ కోర్టులో జిల్లా సంస్థ పనిచేస్తున్నాయి. 15100 దేశమంతటా పనిచేసే సహాయ నంబరు. 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారు, దివ్యాంగులు, నిర్బంధంలో ఉన్నవారు, మానవ అక్రమ రవాణా బాధితులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని పొందవచ్చు. ఈ జాబితాలో పారిశ్రామిక కార్మికుడూ ఉన్నాడు. ఉక్కు నగరంలో దీని విలువ పెద్దది: కర్మాగారంలో గుత్తేదారు కింద పనిచేస్తూ కూలి బకాయి పడిన కార్మికుడు ఏ ఆదాయ ధ్రువపత్రమూ లేకుండానే, తాను కార్మికుడన్న ఒక్క ఆధారంతో న్యాయవాదిని కోరవచ్చు. హాజరు చీటీ, గేటుపాసు, కూలి జమైన బ్యాంకు పుస్తకపు పుట ఇందుకు సరిపోతాయి. పారా లీగల్ వాలంటీర్లుగా సంస్థ శిక్షణ ఇచ్చే స్థానికుల్లో తెలుగు తెలిసినవారు చేరితే బస్తీకీ కోర్టుకూ మధ్య దూరం బాగా తగ్గుతుంది. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమాన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. అందువల్ల తొందరపడి వేలిముద్ర వేయడానికి ముందు, రాసిన మొత్తాన్ని తెలుగులో చదివించుకుని వినడం అవసరం.

ఝార్ఖండ్ 2011 నుంచి సంతాలీ, బెంగాలీ, ఒడియా, హో, ముండారీ వంటి భాషలను ద్వితీయ అధికార భాషలుగా గుర్తించింది. వాటిలో తెలుగు లేదు. అయితే రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం ప్రతి వ్యక్తికీ తన కష్టం తీర్చమని కేంద్ర, రాష్ట్ర అధికారులకు, ఆ కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం ఇచ్చే హక్కు ఉంది. క్రిమినల్ కోర్టులో సాక్ష్యం నిందితుడికి రాని భాషలో సాగితే, దాన్ని అతనికి అర్థమయ్యే భాషలో వినిపించాలని చట్టం చెబుతోంది. హిందీ రాని వృద్ధురాలు తెలుగులో రాసిన అర్జీని అంచల్ కార్యాలయం స్వీకరించనంటే 350వ అధికరణాన్ని ఉటంకించవచ్చు. పని త్వరగా కావాలంటే ఆ అర్జీకి హిందీ ప్రతి ఒకటి జతచేసి, రెండింటిపైనా స్వీకరణ ముద్ర వేయించుకోవడం మంచిది.